తొంభై ఒక్క జవాబులకు ఒకే వరుస

పదో తరగతి రసాయన శాస్త్రంలో లోహాల చర్యాశీలత శ్రేణి అని ఒకటి ఉంటుంది. పైనుంచి కిందికి పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము, నికెల్, తగరం, సీసం, రాగి, పాదరసం, వెండి, బంగారం. మొత్తం పద్నాలుగు పేర్లు. వీటిలో ఏ రెండింటినైనా తీసుకుని, ఒకదాని లవణ ద్రావణంలో రెండోదాన్ని వేస్తే ఏమవుతుందని పరీక్షలో అడగవచ్చు. అలాంటి జతలు 91. వాటిని విడివిడిగా బట్టీ పట్టేవాళ్ళు ఉన్నారు. ఇరవయ్యో జత దగ్గరకు వచ్చేసరికి ఏది దేన్ని తోసిందో కలగాపులగం అయిపోతుంది. పద్నాలుగు పేర్లనూ వరుసలో గుర్తుంచుకుని ఒక్క నియమం అర్థం చేసుకున్నవాళ్ళు మాత్రం చాలావరకు తడుముకోకుండా చెప్పేస్తారు.

ఈ అధ్యాయం సారం ఇదే. జవాబులు పోగేసుకోవద్దు, వరుస పట్టుకోండి. వరుసను బట్టి ముందే అంచనా రాసుకోండి, చేత్తో చేసి చూడండి, అంచనా తప్పిన చోట కారణం వెతకండి. లెక్కలైనా, వ్యాకరణమైనా, వ్యాపారమైనా నేర్చుకునే దారి ఇదే. ఇక్కడ దాన్ని లోహాల మీద సాధన చేద్దాం.

సాధనకు తమిళనాడులోని ధర్మపురి జిల్లాను ఎంచుకున్నాను. గోదావరి ఒడ్డున నరసింహస్వామి గుడి ఉన్న మన ధర్మపురి వేరు, ఇది వేరు. ఇక్కడ మామిడి తోటలున్నాయి, పాలక్కోడులో టమాటా మార్కెట్టుంది. దక్షిణాన సేలం వెండి పట్టీలకు పేరుపడింది, ఉత్తరాన హోసూరు ఫ్యాక్టరీల ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం చదువుకునే పిల్లలు ఈ ప్రాంతమంతా కనిపిస్తారు. పుస్తకంలోని వరుస ఈ చుట్టుపక్కల ఎక్కడెక్కడ పని చేస్తోందో చూస్తే అది ఇక మరిచిపోయే విషయం కాదు.

గ్లాసులో ఏం జరుగుతోంది

ఎరువుల కొట్లో దొరికే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, ఒక చెంచాడు తీసుకుని అర గ్లాసు నీళ్ళలో కరిగించండి. చక్కటి నీలం రంగు వస్తుంది. ఒక ఇనుప మేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, సగం మునిగేలా దారంతో వేలాడదీయండి. పావుగంట ఆగి పైకి తీయండి. మునిగిన సగం ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. వేలితో రాస్తే పొడిపొడిగా రాలుతుంది. అది రాగి. మేకును అందులోనే వదిలేస్తే నెమ్మదిగా నీలం తగ్గుతూ పోతుంది.

ఆ నీలం రంగు నీళ్ళలో తిరుగుతున్న రాగి అయాన్లది. రాగి అయాను అంటే రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగి పరమాణువు. మేకు ఉపరితలంలోని ఇనుప పరమాణువు తన రెండు ఎలక్ట్రాన్లను వదిలేసి తాను అయానుగా నీళ్ళలోకి దిగిపోతుంది. ఆ రెంటినీ అందుకున్న రాగి అయాను మళ్ళీ లోహమై మేకుకు అంటుకుంటుంది. ఎలక్ట్రాన్లు వదిలిన ఇనుము ఆక్సీకరణం చెందింది, అందుకున్న రాగి క్షయకరణం చెందింది. సల్ఫేట్ మాత్రం మొదట రాగితో ఉన్నట్టే చివర ఇనుముతో ఉంటుంది, దానికేమీ కాదు. మొత్తం కథ రెండు ఎలక్ట్రాన్లు చేతులు మారడమే. దీన్నే స్థానభ్రంశ చర్య అంటారు.

నియమం ఒక్క వాక్యం: వరుసలో పైనున్న లోహం, కిందనున్న లోహాన్ని దాని లవణ ద్రావణం నుంచి బయటికి రప్పిస్తుంది, కిందది పైదాన్ని రప్పించలేదు. అందుకే ఇనుప సల్ఫేట్ ద్రావణంలో రాగి తీగ వేసి రాత్రంతా ఉంచినా తీగ తీగలాగే ఉంటుంది.

వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ఈ చర్య కనిపిస్తే దాన్ని మనుషులకు అంటగట్టి, బలవంతుడు బలహీనుణ్ణి తోసి కుర్చీ ఎక్కాడని రాస్తారు. గ్లాసులోకి మళ్ళీ చూడండి. లోహంగా మిగిలింది రాగి. పైనున్న ఇనుము అరిగి నీళ్ళలో కలిసిపోయింది. పై వరుసలో ఉండటమంటే ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకునే గుణం ఉండటం, అంతే. ఇందులో గెలుపూ లేదు, ఓటమీ లేదు. చర్యను మనుషులతో పోల్చి గుర్తుపెట్టుకున్నవాడు పరీక్షలో ఏ లోహం కరిగింది, ఏది పేరుకుంది అని అడిగితే తిరగరాస్తాడు.

ఎంత తేడా ఉంటే అంత జోరు

వరుసలో పేర్ల మధ్య దూరాలు సమానం కావు. ఆ దూరాన్ని ఓల్టుల్లో కొలుస్తారు. హైడ్రోజన్‌ను సున్నాగా పెట్టుకుంటే జింక్ మైనస్ 0.76, ఇనుము మైనస్ 0.44, రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80. హొగెనకల్ దగ్గర కావేరి పడే ఎత్తును బట్టి నీటి జోరు ఉన్నట్టే, ఈ అంకెల మధ్య తేడాను బట్టి ఎలక్ట్రాన్లు కదలడానికి ఉండే తోపు ఉంటుంది. జింక్‌కూ రాగికీ తేడా 1.10 ఓల్టులు, ఇనుముకూ రాగికీ 0.78, రాగికీ వెండికీ 0.46.

ఈ తోపును వృథా పోనివ్వకుండా వాడుకోవచ్చని 1836లో జాన్ ఫ్రెడరిక్ డేనియల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త చూపించాడు. జింక్‌ను నేరుగా మైలుతుత్తంలో ముంచకుండా, రెంటినీ వేరు గదుల్లో పెట్టి మధ్య తీగ కలిపాడు. గ్లాసులో లోహం మీదే చేతులు మారే ఎలక్ట్రాన్లు ఇప్పుడు తీగ గుండా ప్రయాణం చేశాయి. దాదాపు 1.1 ఓల్టుల బ్యాటరీ తయారైంది. స్థానభ్రంశం, బ్యాటరీ అని పుస్తకంలో రెండు పాఠాలుగా కనిపించేవి నిజానికి ఒకటే పాఠం. వరుస పట్టుకోవడం వల్ల కలిగే మొదటి లాభం ఇదే, రెండో పాఠం సగం చదివేసినట్టే అవుతుంది.

మామిడి తోటలో కత్తి పరీక్ష

ఇప్పుడు గ్లాసు వదిలి తోటలోకి వెళదాం. మామిడి, బత్తాయి, తమలపాకు, కొబ్బరి వంటి పంటలకు బూజు తెగుళ్ళు రాకుండా కొట్టే పాత మందు బోర్డో మిశ్రమం. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల కోసం మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త 1885లో దీన్ని ప్రకటించాడు. ఒక శాతం మిశ్రమానికి లెక్క సులువు: మైలుతుత్తం 1 కిలో, కాల్చిన రాతి సున్నం 1 కిలో, నీళ్ళు 100 లీటర్లు. మైలుతుత్తం 50 లీటర్లలో, సున్నం వేరే పాత్రలో మరో 50 లీటర్లలో కలుపుతారు. సున్నపు పాలు వడగట్టి, అందులోకి మైలుతుత్తం నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పుతారు.

కారిమంగలం వైపు ఒక తోటలో తండ్రీ కూతురూ ఈ పని చేస్తున్నారనుకుందాం. తండ్రి మూలనున్న ఇనుప డ్రమ్ము దొర్లించుకొస్తాడు.

“నాయనా, అది వద్దు. ప్లాస్టిక్ డ్రమ్ము తెస్తానుండు.”

“ఏం తేడామ్మా? ఇది కూడా డ్రమ్మే కదా.”

“మందు డ్రమ్మును తింటుంది, డ్రమ్ము మందును తింటుంది. ఇనుము కరిగి నీళ్ళలోకి పోతుంది, మందులో ఉండాల్సిన రాగి డ్రమ్ముకు పట్టేస్తుంది.”

ఆ అమ్మాయి మాటను అంకెల్లో పెడదాం. కిలో మైలుతుత్తం స్ఫటికాల్లో దాదాపు 250 గ్రాముల రాగి ఉంటుంది. ఆ రాగి మొత్తాన్ని బయటికి రప్పించాలంటే దాదాపు 220 గ్రాముల ఇనుము కరగాలి. అంతా ఒక్కసారే జరగకపోయినా, జరిగినంత మేర మందు పలచబడుతుంది, డ్రమ్ము చిల్లుల వైపు నడుస్తుంది. బోర్డో మిశ్రమానికి ప్లాస్టిక్, మట్టి, చెక్క పాత్రలే వాడమని వ్యవసాయ శాఖ వాళ్ళు చెప్పేది ఇందుకే.

మందు కలిపాక అసలు పరీక్ష. మెరిసేలా రుద్దిన చాకును మిశ్రమంలో రెండు నిమిషాలు ముంచి తీస్తారు. అంచు మీద ఎర్రటి పూత కనిపిస్తే సున్నం చాలలేదని అర్థం. ఇంకొంచెం సున్నపు నీళ్ళు కలిపి మళ్ళీ ముంచాలి. చాకు తెల్లగా వచ్చేదాకా ఇదే పని. ఎందుకంటే సున్నం సరిపడా ఉంటే రాగి అంతా హైడ్రాక్సైడ్‌గా మారి నలకలుగా తేలుతుంది, నీళ్ళలో విడిగా తిరిగే రాగి అయాన్లు దాదాపు మిగలవు. సున్నం తక్కువైతే విడి అయాన్లు మిగిలి లేత ఆకులను మాడుస్తాయి. ఆ విడి అయాన్లనే చాకులోని ఇనుము పట్టి చూపిస్తుంది. ప్రయోగశాల అక్కర్లేని ఈ పరీక్ష వెనక ఉన్నది మన మేకు ప్రయోగమే. కలిపిన మందు అదే రోజు కొట్టేయాలి, మర్నాటికి దాచకూడదు.

చాకు ఎర్రబడితే సున్నం కలపమని చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. ఎందుకో తెలిసినవాళ్ళకు ఆ చాకు ఇంకో నాలుగు చోట్ల కూడా పనికొస్తుంది. తుప్పుపట్టిన చాకుతో పరీక్ష ఎందుకు నమ్మకూడదో, స్టీలు గరిటె ఎందుకు సరిగా చూపదో వాళ్ళే ఊహించగలరు. తుప్పు అడ్డుగా ఉంటే ఇనుము బయటపడదు. స్టెయిన్‌లెస్ స్టీలు మీద క్రోమియం ఆక్సైడ్ పొర అలాగే అడ్డుపడుతుంది.

వెండి, పైపు, రైలు పట్టా

సేలంలో వెండి పని చేసేచోట అరగదీసిన ధూళి కూడా డబ్బే. దాన్ని నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, ఆ ద్రావణంలో రాగి పట్టీలు వేస్తే వెండి బూడిద రంగు పొడిగా పేరుకుంటుంది, నీళ్ళు నీలంగా మారతాయి. వరుసలో రాగి వెండికి పైన ఉండటమే కారణం. రాగి సంగతికొస్తే మేకు గ్లాసులో అది బయటికి వచ్చింది, ఇక్కడ తానే కరిగిపోతోంది. పక్కనున్నది ఎవరన్నదాన్ని బట్టే దాని పాత్ర. ఈ ఆమ్లం నుంచి వచ్చే గోధుమ రంగు పొగ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది కాబట్టి ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు.

ఇంటి ప్లంబింగ్‌లో ఇదే వరుస నష్టం తెస్తుంది. రాగి పైపు తర్వాత జి.ఐ. పైపు, అంటే జింక్ పూత ఉన్న ఇనుప పైపు, కలిపితే, నీళ్ళలో లవలేశంగా కరిగిన రాగి కిందికి పారి జింక్ పూత మీద చుక్కచుక్కలుగా కూర్చుంటుంది. అక్కడ జింక్ కరుగుతూ గుంటలు పడతాయి. నీళ్ళు ముందు జి.ఐ.లోంచి పారి తర్వాత రాగిలోకి వెళ్ళాలి, తిరగేసి కలపకూడదు. రెండూ కలిసే చోట లోహం తగలని జాయింటు పెట్టించండి. ప్లంబరును ఒక్క ప్రశ్న అడిగితే కొన్నేళ్ళ రిపేరు తప్పుతుంది.

ఓమలూరు నుంచి ధర్మపురి, హోసూరు మీదుగా బెంగళూరు వెళ్ళే రైలు మార్గంలో పట్టాలు అతికేది కూడా ఈ వరుసే. ఐరన్ ఆక్సైడ్, అల్యూమినియం పొడి కలిపి ముట్టిస్తే అల్యూమినియం ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది, ఇనుము కరిగిన ముద్దగా పట్టాల సందులోకి దిగుతుంది. వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఇక్కడ నీళ్ళూ లేవు, ద్రావణమూ లేదు, అయినా వరుస మారలేదు. జర్మనీలో హాన్స్ గోల్డ్‌స్మిట్ 1890ల్లో రూపుదిద్దిన థర్మిట్ పద్ధతి ఇది.

అంచనా తప్పినప్పుడు

వరుస నేర్చుకున్న ఉత్సాహంలో మీరు నాలుగు అంచనాలు వేస్తారు. ఒకటి తప్పుతుంది. చాలామంది అక్కడ ఆ నియమాన్నే వదిలేస్తారు, లేదా తప్పిన దాన్ని మినహాయింపని రాసుకుని బట్టీ పడతారు. రెండూ చేయకండి. తప్పిన అంచనా దగ్గర కాస్త కూర్చోండి, అసలు చదువు అక్కడే ఉంది. మూడు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది అల్యూమినియం. వరుసలో ఇనుముకు పైన ఉంది కాబట్టి మైలుతుత్తం నీళ్ళలో వంటింటి అల్యూమినియం ఫాయిల్ వేస్తే వెంటనే రాగి రావాలి. వేసి చూస్తే చాలాసేపు ఏమీ జరగదు. ఫాయిల్ మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంది, అది లోహాన్ని ద్రావణానికి తగలనివ్వదు. ఇప్పుడు అందులో అర చెంచా ఉప్పు వేయండి. క్లోరైడ్ అయాన్లు ఆ పొరను ఛేదిస్తాయి. బుడగలు వస్తాయి, గ్లాసు వేడెక్కుతుంది, ఎర్రటి రాగి ముద్దలు కడుతుంది, ఫాయిల్ చిల్లులు పడుతుంది. వరుస తప్పలేదు, దారిలో ఒక అడ్డు ఉంది.

రెండోది సోడియం. వరుసలో రెండో స్థానం. మైలుతుత్తం నీళ్ళలో వేస్తే రాగి తప్పక రావాలని రాసేస్తారు. సోడియం రాగి దాకా పోదు, ముందు నీళ్ళతోనే కలబడుతుంది. హైడ్రోజన్ వస్తుంది, ఏర్పడిన క్షారం వల్ల నీలం రంగు కాపర్ హైడ్రాక్సైడ్ అడుగున పేరుకుంటుంది. మనం చూడాల్సింది రెండు లోహాలనే కాదు, గ్లాసులో ఇంకేముందో కూడా. ఇది కాగితం మీద మాత్రమే చేయాల్సిన ప్రయోగం. సోడియం ముక్కను చేతితో ముట్టకూడదు.

మూడోది కొంచెం లోతైనది. సర్క్యూట్ బోర్డులు సొంతంగా చేసుకునే డిప్లొమా పిల్లలు రాగి పూత ఉన్న బోర్డును ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచి, అక్కర్లేని రాగిని కరిగిస్తారు. అదెలా? రాగి ఇనుముకు కింద కదా, ఇనుప లవణంలో ఎలా కరుగుతుంది? జాగ్రత్తగా చూస్తే అక్కడ ఇనుప లోహం ఎక్కడా బయటికి రాదు. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఫెర్రిక్ అయాను ఒక్కటి అందుకుని రెండు పోగొట్టుకున్న ఫెర్రస్ అయానుగా మారుతుంది, అంతవరకే. ఆ మార్పుకు విలువ ప్లస్ 0.77, రాగి 0.34 కంటే ఎక్కువ. మనం నేర్చుకున్న వరుస లోహానికీ దాని అయానుకూ మధ్య లెక్క, ఇది రెండు అయాన్ల మధ్య లెక్క. వరుసలోని నియమం ఎక్కడిదాకా చెల్లుతుందో ఈ బోర్డు చెప్పింది.

ఈ మూడింటి దగ్గరా అడగాల్సిన ప్రశ్నలు మూడు: మధ్యలో అడ్డు ఏమైనా ఉందా? పక్కన ఇంకేదైనా చర్య ముందు జరుగుతోందా? నా నియమం ఈ సందర్భానికి చెందినదేనా? రసాయన శాస్త్రం బయట కూడా ఈ మూడూ అడగదగినవే.

వరుసలోనే చరిత్ర

వరుస తెలిస్తే లోహాలు మనిషి చేతికి ఎప్పుడు చిక్కాయో కూడా చాలావరకు ఊహించవచ్చు. అట్టడుగున ఉన్న బంగారం ఏటి ఇసుకలో లోహంగానే దొరికింది. రాగి ఖనిజం బొగ్గుల వేడికి లొంగింది. ఇనుము ఆక్సిజన్‌ను మరింత గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి కొలిమి వేడి పెరిగాకే వచ్చింది. 2004 దాకా ధర్మపురి జిల్లాలోనే ఉన్న ప్రాంతం, ఇప్పటి కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారై తవ్వకాల్లో ఇనుము వాడకం క్రీ.పూ. 2172 నాటిదని తేలినట్టు తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది.

అల్యూమినియం మామూలు కొలిమిలో బొగ్గుకు లొంగదు. దాన్ని 1825లో డెన్మార్కులో ఏర్‌స్టెడ్, 1827లో జర్మనీలో వోలర్ రాబట్టారు. ఎలా? వరుసలో అన్నిటికంటే పైనున్న పొటాషియంతో, అల్యూమినియం క్లోరైడ్ నుంచి. టైటానియం విషయంలో బొగ్గు వాడితే లోహానికి బదులు కార్బైడ్ వస్తుంది. అందుకే టైటానియం టెట్రాక్లోరైడ్‌ను మెగ్నీషియంతో చర్య జరిపిస్తారు, గాలి తగలకుండా మూసిన పాత్రలో. ఈ పరిజ్ఞానాన్ని మన దేశంలో హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ, డి.ఎం.ఆర్.ఎల్., అభివృద్ధి చేసింది. దాని ఆధారంగా కేరళలోని చవరలో టైటానియం స్పాంజ్ కర్మాగారం 2011లో మొదలైంది. మేకు మీద రాగి పేరుకోవడానికీ అంతరిక్ష నౌకకు పనికొచ్చే లోహం తయారవడానికీ ఆధారం ఒకే వరుస.

ఈ వారం సాధన

నోట్‌బుక్కులో ఒక పేజీని మూడు నిలువు గడులుగా గీయండి: నా అంచనా, నేను చూసింది, తేడా ఎందుకు. మొదటి గడి నింపకుండా గ్లాసు ముట్టుకోవద్దు. ముందే చూసేసి తర్వాత రాసిన అంచనా మనసును మోసం చేస్తుంది, అది నాకు ముందే తెలుసని అనిపిస్తుంది.

1. నాలుగు గ్లాసుల మైలుతుత్తం నీళ్ళలో విడివిడిగా ఇనుప మేకు, జి.ఐ. తీగ, అల్యూమినియం ఫాయిల్, రాగి తీగ వేయండి. పావుగంటకు, గంటకు, మర్నాటికి ఏమవుతుందో రాయండి. మేకు ఉన్న గ్లాసు మర్నాటికి పుస్తకంలో చెప్పిన లేత ఆకుపచ్చకు బదులు పసుపు గోధుమ రంగుకు తిరగవచ్చు. కారణాన్ని మూడో గడిలో మీరే రాయండి. గాలిని అనుమానించండి.

2. వరుసను చూడకుండా రాయండి. ఇనుము, రాగి, వెండి, జింక్ నాలుగింటితో అయ్యే ఆరు జతలకు జవాబు చెప్పండి. ప్రతి జవాబులో ఏది కరుగుతుంది, ఏది పేరుకుంటుంది అని రెండూ చెప్పాలి.

3. మీ ఇంట్లో, వీధిలో రెండు వేర్వేరు లోహాలు తడిలో తగులుకుంటున్న చోట్లు మూడు కనిపెట్టండి. వాటిలో ముందు తినేసుకుపోయేది ఏదో రాసి, ఆర్నెల్ల తర్వాత వెళ్ళి చూడండి.

4. ఇంట్లో చిన్నవాళ్ళకు మేకు ప్రయోగం చేసి చూపించి, ఎలక్ట్రాన్ల సంగతి ఐదు వాక్యాల్లో చెప్పండి. మీరు తడుముకున్న వాక్యం దగ్గరే మీకు ఇంకా అర్థం కానిది ఉంది.

జాగ్రత్తలు మరవొద్దు. మైలుతుత్తం విషం. వంటింటి గ్లాసులు, చెంచాలు దీనికి వాడి మళ్ళీ వంటకు వాడకండి. చేతులు కడుక్కోండి, పిల్లలు ఒంటరిగా చేయకూడదు. మిగిలిన నీళ్ళు చెరువులో, బావిలో పారబోయవద్దు, చేపలు చస్తాయి. అందులో స్టీల్ ఊలు ముక్కలు వేసి నీలం పూర్తిగా పోయేదాకా ఉంచండి. రాగి ఎక్కువ భాగం అడుగున పడుతుంది. ఆ పని ఎందుకు జరుగుతుందో ఇప్పుడు మిమ్మల్ని ఎవరైనా అడిగితే, ఈ పుస్తకం తెరవకుండానే చెప్పండి. చెప్పగలిగితే తర్వాతి అధ్యాయానికి వెళ్ళవచ్చు.